మూడో అంతస్తు గొంతు

"అమ్మా, మీరు కాస్త ఆగండి. సార్‌ని మాట్లాడనివ్వండి!"

అపార్ట్‌మెంట్ సంఘానికి కొత్త అధ్యక్షుడాయన. ఆ భవనంలో దిగి నెల కాలేదు, అప్పుడే పెత్తనం వచ్చేసింది. ఎదురుగా సోఫాలో, రెండేళ్ల కిందట బడి మానేసిన మూడో అంతస్తు మేష్టారు చిరునవ్వుతో కూర్చున్నారు. పక్కనే ఆయన భార్య. తలుపు తీసింది మొదలు ఆవిడ నోరు మూతపడలేదు.

"నేను చెప్పేది వినండి బాబూ, ఆ మీటింగులో..."

"అంతా తెలుసమ్మా! పోయినేడాది రిజిస్టరు మొత్తం చదివాను." అధ్యక్షుడు సంచిలోంచి పుస్తకం తీశాడు. "మీటింగుల్లో ఎవరూ ప్రశ్నలు వేయకూడదని పాత అధ్యక్షుడు తీర్మానం పెడితే అందరూ బుర్రలూపారు. మూడో అంతస్తు వారొక్కరే లేచారు. ఏమన్నారు? 'ముందు లిఫ్టు బాగుచేయించండి, మా నోళ్లు తర్వాత మూయిద్దురుగాని. ఈ గొంతు నొక్కేవాడు ఇంకా పుట్టలేదు!' అబ్బ! ఒళ్లు జలదరించింది సార్!"

మేష్టారు తల అడ్డంగా ఊపి, భార్య వైపు చెయ్యి చూపించారు.

"చూశారా సంస్కారం! గొప్పంతా ఇల్లాలికే ఇచ్చేస్తున్నారు. ఆదివారం సభలో వాక్‌స్వాతంత్ర్య వీరుడి పతకం మీకే సార్!"

"బాబూ, ఆ సభలో నాకు రెండు నిమిషాలు మైకిస్తారా?" ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడింది. ఉక్రోషం పొంగుకొచ్చింది.

"మీకెందుకమ్మా? ఇంట్లో మైకెప్పుడూ మీదేగా!"

తన జోకుకు తనే పడీపడీ నవ్వుకుంటూ అధ్యక్షుడు సెలవు తీసుకున్నాడు.

ఆదివారం హాలు కిక్కిరిసింది. రిజిస్టరు రాసే గుమాస్తా మాత్రం మూలన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. పతకం మెడలో పడ్డాక మేష్టారు మైకు ముందుకొచ్చారు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది.

"ఆహా, మౌనంతోనే నిరసన!" అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని చప్పట్లు మొదలెట్టాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు.

మేష్టారు వేదిక మెట్లు దిగివచ్చి మైకు భార్య చేతిలో పెట్టారు.

"అయ్యో, మీరు కాదమ్మా, సార్..." అంటూ అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు. మేష్టారు ఆయన భుజాలు పట్టుకుని కుర్చీలో కూలేశారు.

ఆవిడ హాలంతా ఒకసారి కలయజూసింది. రాసుకొచ్చిన నాలుగు పేజీలు మడిచి పక్కన పెట్టేసింది.

"మా వారికి మాట పడిపోయి రెండేళ్లయిందండీ."