మైకు తగ్గిన చోటు

చివరి చరణం ఎత్తుకుని పై స్థాయి అందుకునేసరికి ఆమె గొంతు స్పీకర్లలోంచి మాయమైపోయింది.

నోరు కదులుతోంది. హాల్లో మాత్రం ఫ్లూటు వినిపిస్తోంది.

గుక్క తిప్పుకునేంతలో గొంతు మళ్ళీ వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు.

జనం చప్పట్లు కొట్టారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

కాన్పయ్యాక ఇదే మొదటి ప్రోగ్రాం. తను లేనన్నాళ్ళూ తన పాటలన్నీ పాడిన పిల్ల ఇవాళ వెనక కోరస్‌లో నిలబడి ఉంది. తను ఈ ఒక్క పాట నిలబెట్టలేకపోతే ఆ పిల్ల ముందుకొస్తుంది, తను ఇంటికి పోతుంది. అంతకు మించి ఏం లేదు.

తెర పడీపడగానే దిగి, సౌండు బోర్డు దగ్గరికి విసవిసా నడిచింది.

అక్కడ కూర్చునే ఆయన కొత్త. తను కాన్పుకి పోయినప్పుడు వచ్చి చేరాడట. యాభై దాటిన మనిషి, మాటకి కరువు. ట్రూపులో అందరూ ‘మౌనవ్రతం’ అని నవ్వుకుంటారు.

"నా మైకు ఎందుకు తగ్గించారు?"

ఆయన వైర్లు చుట్టుకుంటూనే అన్నాడు. "పాట బాగా వచ్చిందమ్మా."

"నేనడిగింది అది కాదు."

ఆయన ఇంకో వైరు అందుకున్నాడు.

"మొన్న రిహార్సల్లో మీరు నన్ను చివరి చరణంలో ఆ పై స్థాయి లైను మధ్యలో ఊపిరి తీసుకోమన్నారు. ఒక్క గుక్కలో పాడితేనే దానికి అందం, పాట నేర్పడం మీ పనా మైకు చూసుకోవడం మీ పనా అన్నాను. ఆ కసి ఇలా తీర్చుకున్నారు, అవునా?"

"కసి ఏముంటుందమ్మా."

ఇంతలో అత్తగారు చంటాణ్ణి భుజాన వేసుకుని పక్కగదిలోంచి వచ్చింది.

"పోట్లాట తర్వాత పెట్టుకోవచ్చు గానీ, వీడు ఆకలికి గుక్కపట్టాడే."

"ఒక్క నిమిషం అత్తయ్యా."

"ఆ నిమిషమేదో వాడికి చెప్పు, నాకు కాదు."

హాలు సెక్రటరీ నవ్వుకుంటూ వచ్చాడు. "చాలా బాగా పాడారమ్మా. ఆ చివర్లో మీరు ఆగి ఫ్లూటుకి వదిలారు చూడండీ..."

"నేను ఆగలేదండీ. ఈయన నా మైకు తగ్గించేశారు. కావాలని."

సెక్రటరీ మొహంలో నవ్వు ఆరిపోయింది. "పాటలోనే అలా ఉందనుకున్నానే. ఏం మాస్టారూ, ఏమిటిది?"

వెనకే వచ్చి నిలబడ్డ, ట్రూపు నడిపే మాస్టారు నోరు తెరిచాడు. సౌండాయన వంక చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

ఇద్దరూ ఒక్క తానులో ముక్కలే అనుకుంది ఆమె.

"చెయ్యి జారిందండీ. తప్పు నాదే" అన్నాడు సౌండాయన.

"పై నెల మా హాల్లో మీకు మూడు ప్రోగ్రాములున్నాయి. ఈయనుంటే మాత్రం మిమ్మల్ని పిలవం."

"నేనుండను లెండి."

అయినా ఆమెకి కసి తీరలేదు. స్పీకర్లలో తగ్గించినా ఎవరి మైకు వాళ్ళకి విడిగా రికార్డవుతుందని ఆమెకి తెలుసు.

"నా గొంతు ఒక్కటే నాకివ్వండి. చెయ్యి జారిందో, కావాలని జార్చారో అందరికీ వినిపిస్తాను."

ఆయన బోర్డు వైపు తిరిగి ఆ గొంతు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు మీరొక్కరే వినండమ్మా."

మర్నాడు పొద్దున చంటాడికి పాలు పడుతూ కంప్యూటర్లో పెట్టింది.

డ్రమ్ముల్లేవు, ఫ్లూటు లేదు. ఉత్త గొంతు. రెండు మాటలకోసారి ఊపిరి బుస్సుమంటోంది, మూడంతస్తులు ఎక్కి వచ్చిన మనిషిలా.

చివరి చరణం వచ్చింది.

ఒక్క గుక్కలోనే ఎత్తుకుంది. సగం దాటేసరికి శ్రుతి జారింది. పట్టుకోబోయింది, ఇంకా కిందికి జారింది. ఆఖరి అక్షరం దగ్గర గొంతే లేదు, గాలి.

మైకు తగ్గింది సరిగ్గా అక్కడే.

నమ్మలేక మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పెట్టింది.

"ఎవరే ఆ పాడేది?" వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "పాపం, జలుబు చేసినట్టుంది."

ఆమె కంప్యూటర్ ఆపేసింది. బిడ్డని ఒళ్ళో సర్దుకుని, ఆ లైను మెల్లగా పాడుకుంది. మధ్యలో చిన్న ఊపిరి తీసుకుంది.

లైను నిలబడింది. అందం ఎక్కడికీ పోలేదు.

చంటాణ్ణి ఎత్తుకుని రిహార్సల్ గదికి పరిగెత్తింది.

సౌండు బోర్డు ముందు మాస్టారే కూర్చుని, చిక్కుపడ్డ వైర్లతో కుస్తీ పడుతున్నాడు.

"ఆయనేరి మాస్టారూ?"

"పొద్దున్నే గది తాళంచెవులిచ్చి వెళ్ళిపోయాడు. ఫోను తియ్యట్లేదు."

"నిన్న మీరెందుకు నోరు విప్పలేదు?"

"విప్పితే ఏం చెప్పాలి? నీకు ఊపిరి చాలట్లేదని సెక్రటరీ ముందు చెప్పాలి. వద్దని కళ్ళతోనే ఆపేశాడు."

ఆమె చంటాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నా గురించి ఆయనకెందుకు మాస్టారూ అంత? నేనెవరో, ఆయనెవరో."

మాస్టారు చేతిలో వైరు కింద పెట్టాడు.

"నీ పాత రికార్డులు తెగ వినేవాడు. నీ చోటు ఆ పిల్లకిచ్చేద్దామని నేను తేల్చేసిన రోజున, ‘కాన్పయిన గొంతుకి ఊపిరి తిరిగి రావడానికి ఆర్నెల్లు పడుతుంది, అందాకా నేను మోస్తాను, తేడా వస్తే నన్ను తీసెయ్యండి’ అని పూచీ పడి నిన్ను వెనక్కి పిలిపించింది ఆయనేనమ్మా."