బడి బండి

"అబ్బాయీ, ఈ ఫ్యాను తిరగట్లేదు. కాస్త చూసిపెట్టు."

టేబుల్ ఫ్యానును చంటిపిల్లలా చంకన వేసుకుని ఓ పెద్దావిడ బండి మెట్లెక్కేసింది.

లోపల పాఠం చెబుతున్న మాస్టారికి ఒళ్ళు మండింది.

"ఇది రిపేరు బండి కాదమ్మా, బడి! బయట అంతలేసి అక్షరాలతో రాశాం కదా."

"బడి అని రాశారో, బండి అని రాశారో! కళ్ళజోడు లేకుండా ఆ సున్నా నాకెక్కడ కనిపిస్తుంది నాయనా?"

పిల్లలు పగలబడి నవ్వారు.

నిజానికి దాని పేరే బడి బండి. చుట్టుపక్కల ఊళ్ళ బడులన్నీ కలిసి నడుపుకుంటున్న పాత బస్సు అది. సీట్లు పీకేసి బల్లలు వేశారు, గోడలకు పనిముట్లు తగిలించారు. కరెంటు పని నేర్పడానికీ, అందరితో సమానంగా చదవలేని పిల్లల్ని దగ్గరుండి చూసుకోవడానికీ ఏ బడికా బడి వేరుగా మనిషిని పెట్టుకోలేదు. అందుకే అన్నిటికీ కలిపి ఈ మాస్టారొక్కరే. రోజుకో ఊరు. ఈ ఊరి వంతు శుక్రవారం.

ఈ ఊళ్ళో ఒక పిల్ల ఆయనకు కొరుకుడు పడలేదు.

అందరూ "నిదానం" అని పిలిచే ఆ పిల్లకు మాట తక్కువ, పని అంతకన్నా తక్కువ. బోర్డు మీద తీగలు కలిపి బల్బు వెలిగించమంటే ఒకటే అడిగేది.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. నేర్చుకోవడానికి పెట్టింది."

అంతే, స్క్రూడ్రైవరు కింద పెట్టేసేది.

ఏడాది చివర అధికారి వచ్చి పరీక్ష పెడతాడు. ఒక్క వస్తువైనా సొంతంగా బాగుచెయ్యలేకపోతే బండిలో చదువుకునే ఆ సీటు వేరే ఊరి పిల్లలకు వెళ్ళిపోతుంది.

"మామూలు బళ్ళో ఇది కుదురుగా కూర్చోలేదు మాస్టారూ. ఈ బండి కూడా వద్దంటే నా కూతురు ఇంట్లో ఓ మూల కూర్చోవాల్సిందే," అని తల్లి వచ్చినప్పుడల్లా గుర్తుచేసేది.

ఆ రోజు ఫ్యానును చూసి నిదానం లేచి నిలబడింది.

"ఎవరిది?"

"నాదేనే తల్లీ! ఉక్కపోతకి నిద్ర లేదనుకో," అంది పెద్దావిడ.

పిల్ల ఫ్యానును లాక్కుంది. ఊడిన తీగ వెతికి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దావిడ కదలకుండా అక్కడే కూర్చుంది. రెక్కలు తిరగగానే ఆ గాలికి ముఖం పెట్టి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంది.

నిదానం నవ్వగా మాస్టారు చూడడం అదే మొదలు.

ఇక ఆవిడకు అలవాటైపోయింది. ఓ శుక్రవారం ఇస్త్రీ పెట్టె, ఓ శుక్రవారం రేడియో, ఆ తర్వాత టేబుల్ లైటు. పిల్లలు ఆవిడకు "రిపేరు బామ్మ" అని పేరు పెట్టేశారు. ఏది తెచ్చినా తిన్నగా వెళ్ళి నిదానం చేతిలోనే పెట్టేది.

"ఏమ్మా, మీ ఇంట్లో వస్తువులకి ఆయుష్షే లేదా?" అని మాస్టారు వెటకారమాడేవారు.

"నాలాగే పాతబడ్డాయి నాయనా," అని నవ్వేసేది.

పరీక్ష దగ్గరపడింది. చెప్పాల్సిన పాఠాలు చెప్పాల్సినట్టే ఉన్నాయి. ఆ హడావిడిలో బామ్మ మిక్సీతో తయారు.

మాస్టారు ఇంక ఆపుకోలేకపోయారు.

"చాలమ్మా! ఊరికే చేసిపెడుతున్నారు కదా అని ఇల్లంతా మోసుకొస్తారా? ఈ పిల్ల ఏమైపోయినా మీకు పట్టదా? ఇంక రాకండి!"

బామ్మ ఏదో అనబోయి మానేసింది. మిక్సీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు.

పరీక్ష రోజు అధికారి పనిచెయ్యని హెయిర్ డ్రయ్యరు ఒకటి బల్ల మీద పెట్టాడు. అలాంటిది ఆ పిల్లలెవరూ చూడనేలేదు.

నిదానం దాన్ని ముట్టుకోలేదు.

"ఎవరిది?"

"ఆఫీసుది," అన్నాడు అధికారి.

పిల్ల చేతులు కట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి కళ్ళు మూసుకుంది.

మాస్టారు నోటికొచ్చింది అనేశారు.

"రిపేరు బామ్మదమ్మా! పాపం, తడి తలతో కూర్చునుంది!"

పిల్ల గబుక్కున స్టూలు లాక్కుంది. మరలు విప్పింది. ప్లగ్గు చూసింది, తీగ పొడుగునా తడిమింది, స్విచ్చు ఊడదీసింది. ఎక్కడ తెగిందో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళడం బోర్డు మీద వచ్చిన విద్య కాదు. అది శుక్రవారాలు నేర్పిందని మాస్టారికి అప్పుడు తట్టింది. తన పిల్లను చూసి గర్వపడాలో, తనను చూసి సిగ్గుపడాలో ఆయనకు తెలియలేదు.

డ్రయ్యరు బుస్సుమంది. అధికారి నెత్తి మీదున్న నాలుగు వెంట్రుకలూ ఎగిరాయి. ఆయన కూడా నవ్వేశాడు.

సీటు నిలిచింది. తల్లి మాస్టారి చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

మాస్టారు బండికి తాళం వేసి, బామ్మ ఇల్లు అడుగుతూ బయల్దేరారు. ఆవిడకు క్షమాపణ చెప్పాలి. పాడైనవన్నీ తెమ్మని చెప్పాలి. ఇల్లంతా మోసుకొచ్చినా సరే.

తలుపు తీసిన కోడలు ఆయన్ని లోపల కూర్చోబెట్టింది.

"అత్తయ్య పోయి నెల దాటిందండీ. పట్నంలో కూతురింట్లో ఉండగా పోయింది, ఊళ్ళో చాలామందికి తెలియనే తెలియదు."

ఆయన మూలనున్న టేబుల్ ఫ్యాను వైపు చూశారు.

"పోనీ, ఇంట్లో ఇంకా పాడైనవేమన్నా ఉంటే ఇవ్వమ్మా," అన్నారు చివరికి. "ఆవిడ పేరు చెబితే చాలు, మా పిల్ల ప్రాణం పెట్టి బాగుచేస్తుంది."

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఆవిడ పోయాక మా ఇంట్లో ఒక్కటీ పాడవలేదు మాస్టారూ... శుక్రవారం తెల్లారితే చాలు, బాగున్నదాన్నే ముందేసుకుని మరలు విప్పి, 'నా చిట్టితల్లికి ఈ వారం పనుండాలి కదే' అంటూ ఆవిడే ఏదో ఒక తీగ పీకేసేది."