పరుగు కలిసిన రక్తం

ఆ అమ్మాయి చేతికి రబ్బరు పట్టీ బిగించి, సూది మూత తీయబోతున్న ల్యాబు టెక్నీషియన్ ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇప్పుడే పరుగెత్తి వచ్చావా?"

"అవునండీ. ప్రాక్టీసు అయి అరగంటయింది," అంది ఆ అమ్మాయి, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

అతను పట్టీ విప్పేశాడు.

"అయితే ఇవాళ తియ్యకూడదు. రెండ్రోజులు విశ్రాంతి తీసుకుని, పొద్దున్నే ఎనిమిదిలోపల రా. వచ్చాక అరగంట కుదురుగా కూర్చోవాలి. అప్పుడు తీస్తాను."

గోడకానుకుని ఫోను చూసుకుంటున్న కోచ్ తలెత్తాడు. జట్టుకు ఎంపికైన ఆరుగురు అమ్మాయిల్నీ మైదానం నుంచి నేరుగా వ్యానెక్కించి ల్యాబుకు తీసుకొచ్చాడు. హార్మోన్ల పరీక్ష తప్పనిసరని క్రీడా సంఘం వాళ్లు ఈ ఏడాది మళ్లీ నిబంధన పెట్టారు. రిపోర్టులు ఎల్లుండికల్లా చేరాలి.

"ఏమయ్యా, రక్తం తియ్యమంటే ముహూర్తాలు పెడతావేంటి?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. అతను నవ్వలేదు.

"గట్టిగా పరుగెత్తితే ఒంట్లో కొన్ని హార్మోన్లు అమాంతం పెరుగుతాయి సార్. తర్వాత వాటంతటవే దిగిపోతాయి. ఇప్పుడు తీస్తే వచ్చేది పరుగు కలిసిన రక్తం. రిపోర్టు చదివేవాళ్లు జబ్బనుకుంటారు."

"మా జట్టు డాక్టరుకు తెలియనిది నీకు తెలుసా?"

"ఆయన చూసేది కాగితం సార్. ఈ పాప చెమట ఆయనకు కనబడదు."

"నువ్వు తీస్తావా, తియ్యవా?"

"పోనీ, ఫారం మీదైనా రాయండి. పరుగయిన అరగంటకు తీశారని."

"కొర్రీలు పెట్టకు."

కోచ్ విసవిసా మేనేజరు గదిలోకి వెళ్లి, ఉన్నవీ లేనివీ కలిపి ఫిర్యాదు చేశాడు. మేనేజరు తల పట్టుకున్నాడు.

"అతనితో ఎప్పుడూ ఇదే తంటా సార్. వ్యాయామం చేసేవాళ్లు ఎవరొచ్చినా ఇలాగే తిప్పి పంపుతాడు. మొన్న ఒక జిమ్ వాళ్లు పన్నెండు మందీ వేరే ల్యాబుకు వెళ్లిపోయారు."

ఇంకో ఉద్యోగిని వచ్చి, పావుగంటలో ఆరుగురికీ రక్తం తీసేసింది. అతను ఓ మూల నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

రెండ్రోజులకు రిపోర్టులు వచ్చాయి. అయిదుగురివి ఎలాగో హద్దుల్లోనే ఉన్నాయి. ఆ పొద్దున అందరికంటే గట్టిగా పరుగెత్తిన ఆ అమ్మాయివి మాత్రం రెండు అంకెలు హద్దు దాటేశాయి.

జట్టు డాక్టరు పెదవి విరిచాడు.

"తలలో ఉండే గ్రంథిలో ఏదో తేడా ఉన్నట్టుంది. స్కాను తీయించాలి. తేలేదాకా పరుగు వద్దు."

కోచ్ తన చేత్తోనే జాబితాలో ఆమె పేరు కొట్టేసి, అదనంగా ఉంచిన అమ్మాయి పేరు రాశాడు.

"నాకు జబ్బా సార్?" అని అడిగింది ఆ పిల్ల.

కోచ్ బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయాడు.

వాళ్లమ్మ ఏడుపు భరించలేక, కోచే దగ్గరుండి హార్మోన్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. ఆ పెద్దాయన రిపోర్టు చూసి అడిగిన మొదటి మాట ఒక్కటే.

"రక్తం ఎప్పుడు తీశారు?"

"పరుగెత్తిన అరగంటకు."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండ్రోజులు పరుగు ఆపి మళ్లీ తీయించండి. స్కాను సంగతి తర్వాత."

తీయించారు. అంకెలు రెండూ బుద్ధిగా హద్దులోకి దిగి వచ్చాయి. కానీ జట్టు ముందురోజే విమానం ఎక్కేసింది.

"అయితే నాకేం లేదన్నమాట!" అని నవ్విందా పిల్ల. వెంటనే గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

కోచ్ తిన్నగా ల్యాబుకు వెళ్లాడు.

"అతన్ని తీసేశాం సార్. మీ ఫిర్యాదుతో పైవాళ్లు ఇక ఊరుకోలేదు," అన్నాడు మేనేజరు.

చిరునామా తీసుకుని వెతుక్కుంటూ వెళితే, మూడో అంతస్తులో ఓ ఆవిడ తలుపు తీసింది. వెనక గదినిండా తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు.

"ఆయన నిన్ననే వెళ్లిపోయారండీ. వేరే ఊళ్లో పని దొరికింది. సామాను సర్దుకుని నేనూ వెళ్లాలి."

"ఆయన ఉద్యోగం నా మూలంగానే పోయిందమ్మా. పరుగు పందేల కోచ్‌ని."

ఆవిడ కుర్చీ మీది గిన్నెలు తీసి కింద పెట్టింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. మీరు కాకపోతే ఇంకొకరు. ఆ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినరాయన."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

"ఒకప్పుడు ఆయనా పరుగెత్తేవారే. ఎనిమిది వందల మీటర్లు. పెద్ద పోటీలకు ఎంపికయ్యారు కూడా. బయల్దేరే ముందు, ప్రాక్టీసు అవుతూనే రక్తం తీశారట. హార్మోన్లు బాగాలేవని పేరు కొట్టేశారు. నెల తర్వాత చూపించుకుంటే ఏ జబ్బూ లేదు. ఆ దిగులుతో పరుగు మానేసి, ఈ పని నేర్చుకున్నారు."

"ఏ ఏడాదమ్మా?"

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. కోచ్ కూర్చున్న చోటి నుంచి లేచాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"ఎవరి మీదా కోపం లేదండీ ఆయనకు. తన బదులు వెళ్లిన కుర్రాడు పతకం తెచ్చాడట. పోనీలే, నా చోటు వృథా కాలేదు అంటుంటారు."

ఇరవై ఆరేళ్ల కిందట, ఎవరికో ఒంట్లో బాగాలేదు, నువ్వు రావాలని కబురొస్తే, ఉన్నపళాన ఒక్క సంచీతో రైలెక్కి వెళ్లి ఆ పతకం తెచ్చుకున్నది తనేనని చెప్పడానికి కోచ్‌కు నోరు పెగల్లేదు.