పద్నాలుగు మిల్లీమీటర్లు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రాత మెల్లగా సాగుతుంది, తప్పులూ ఉంటాయి. మన్నించండి.

మా పక్కింటి విమలమ్మకు డాక్టరు కోటు చూస్తేనే చెమటలు. కాలనీలో ఉచిత స్కానింగ్ క్యాంపు పెడితే కోడలు భవాని ఆమె పేరు రాయించింది.

"అక్కా, నాకు భయమైతుంది. జెర తోడు రా," అంది విమలమ్మ నాతో.

వెళ్ళాం. ఇద్దరం చెరో సీసా నీళ్ళు తాగి కూర్చున్నాం. పేరు పిలిచారు. పావుగంటలో పని అయిపోయింది.

మర్నాడు రిపోర్టు కోసం భవాని కూడా వచ్చింది. గర్భసంచి లోపలి పొర మందం పద్నాలుగు మిల్లీమీటర్లట. ఈ వయసులో అంత ఉండకూడదట.

"మా అత్తమ్మకు ఏం తక్లీఫ్ లేదు కద మేడమ్," అంది భవాని.

"ఏ బాధా లేకుండానే కొందరికి ఇలా ఉంటుంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. ఆలస్యం చేయకండి," అంది క్యాంపు డాక్టరమ్మ.

విమలమ్మ నా వైపు చూసి బావురుమంది.

విమలమ్మ కొడుకు విజయేందర్ స్కేలు పట్టుకుని, పద్నాలుగు మిల్లీమీటర్లంటే ఎంతో గల్లీ అంతా చూపించాడు. "గింతదానికి ఇంత పరేషానా?" అన్నాడు ఎదురింటి బ్రహ్మచారి. బూడిదగుమ్మడి రసం తాగమన్నదీ ఆయనే. దాంతో వాళ్ళ మేనత్త కిడ్నీలో రాయి కరిగిందట.

తెల్లారితే మిక్సీ షురూ. విమలమ్మ ఒక గుటక తాగి, మిగిలిన గ్లాసంతా నాకిచ్చేది.

"రోగం నీకా అత్తమ్మా, ఆమెకా?" అని భవాని కసిరేది.

పది రోజులకు పెద్దాసుపత్రిలో, ముక్క తీసే ముందు మళ్ళీ స్కానింగ్ చేశారు. పొర పల్చగా ఉంది. అక్కడి డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సాయంత్రానికి మా మెట్టుగూడలో బూడిదగుమ్మడికాయ దొరకలేదు. బ్రహ్మచారి ఇంటి ముందు క్యూ కట్టారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, జుట్టు రాలేవాళ్ళు, చివరికి డిగ్రీ తప్పినవాడు ఒకడు. భవాని అత్తకు దిష్టి తీసింది.

ఆ సందడిలోంచి విమలమ్మ నన్ను పక్కకు లాగింది.

"రేపు నీ వెంట నేనొస్త అక్కా. ముక్క తీసేదాక నీ చెయ్యి ఇడువ."

క్యాంపులో విమలమ్మ వణికిపోతుంటే, ఏ బాధా లేని నాకైతే రిపోర్టు మంచిగా వస్తుందని, ఆమె పేరు చెప్పి బల్ల మీద పడుకున్నది నేను.

కొమురమ్మ, 66 ఏళ్ళు, మెట్టుగూడ