పట్టాల పక్క గది

మార్చి పదకొండు. రెండు వాయిల బట్టలు ఉతికాను, ఫ్రిజ్ కడిగాను, తోడికోడలి విదేశీ షికారుకు గది చూశాను.

"అక్కా, కారు అద్దెకు తీసుకుని మూడు రోజులు తిరుగుతాం. మంచి గది, మంచి భోజనం ఉండాలి. నువ్వు చూస్తే తిరుగుండదు," అని డబ్బు ముందే నా చేతిలో పెట్టింది.

ఈ ఇంటికొచ్చాక నేను చూసిన దూరదేశం కూరగాయల బజారు. కడుపు భగ్గుమంది.

సరస్సు ఎదుట బాల్కనీ గది దొరికింది. అక్కడి వంటకూ పేరుంది. దాన్ని వదిలేసి, రైలు పట్టాల పక్కన, పొద్దున టీ కూడా ఇవ్వని లాడ్జిలో మూడు రాత్రులకూ గది ఖాయం చేశాను. ఇక మార్చడం కుదరదు. 'కంటిమీద కునుకు లేకుండా తిరగనీ' అనుకున్నాను.

సాయంత్రం రసీదు ఇస్తే, చూడకుండానే మడిచి నా గుప్పిట్లోనే పెట్టింది.

"వెళ్లేది నువ్వూ బావగారూ అక్కా. నా పిల్లల్నీ నీ చేతుల మీదే పెంచావు. నీకోసమంటే చవకది చూస్తావని, మాకని అబద్ధమాడాను."

"ఈ కొంప ఎవరు చూశారే?" అని ఆ లాడ్జిలో ఆయన మూడు రాత్రులూ గొణిగారు. నేను నిద్ర నటించాను.

ఆఖరి రైలు మంచాన్ని ఊపి వెళ్లింది. నా బాకీ చెల్లు.