ఒక్క సాంచా చప్పుడు

సిరిసిల్లలో మా వీధి మరమగ్గాలన్నీ, మా మాటలో సాంచాలన్నీ, ఆ సోమవారం ఒకేసారి ఆగాయి. వాటిని నడిపే ప్రోగ్రాం కంపెనీది. కొత్తది కొనేదాకా పాతది నడవదని ఎక్కడో కూర్చుని ఆపేశారు. మగ్గం మనది, దాని ప్రాణం వాడి చేతిలో. నడిచింది భూమేశం సాంచా ఒక్కటే.

భూమేశం సాంచాను నడిపే కంప్యూటర్‌లో ఉన్నది కంపెనీది కాదు, ఉచిత డాస్ అనే ప్రోగ్రాం. 1994లో ఒక పెద్ద కంపెనీ తన డాస్‌ను వదిలేస్తానంటే, ఒక విద్యార్థి అలాంటిదే తాను రాస్తానని మొదలుపెట్టి లోకానికి ఊరికే ఇచ్చాడు. దాన్ని దూరం నుంచి ఆపగలిగేవాడు ఇంకా పుట్టలేదు. భూమేశం కాపీలు చేసి ఇంటింటికీ తిరిగాడు.

"ఊకెనే ఇస్తున్నవంటే ఏదో మతలబున్నది," అన్నారు. ఎవరూ తీసుకోలేదు.

వారం గడిచింది. బదులు పలికే మగ్గం లేని వీధిలో తన చప్పుడు తనకే భరించరానిదై, ఒక మధ్యాహ్నం భూమేశం సాంచా ఆపేశాడు. కాసేపటికే పక్కింటి దేవవ్వ వచ్చింది.

"ఏం తమ్మీ, సాంచా బందు పెట్టినవ్?"

"ఒక్కన్నే ఎన్ని దినాలు నడపాలె అక్కా? నీ సాంచాకు గూడ ఎక్కిస్త. పైసా వద్దు."

"నాకెందుకు తమ్మీ ఆ లొల్లి. రేపు కంపెనోడు కక్షగడితే ఏం జెయ్యాలె? నువ్వైతే నడుపు. సప్పుడు లేకుంటే నాకు కునుకు పడుతలేదు."

ఆమె వెళ్లిపోయింది. భూమేశం సాంచా స్విచ్ వేశాడు.

ఆ ఒక్క సాంచా చప్పుడుకు వీధంతా హాయిగా నిద్రపోయింది.