తల్లిని చూశాక

పడ్డను కొనేముందు తల్లి బర్రెను చూడటం మా ఆయనకు అలవాటు. రుద్రూర్‌లో షిట్జూ కుక్కపిల్లలు అమ్మే మనిషినీ అదే అడిగాడు.

"ముందుగాల తల్లిని సూపియ్యి. మంచిగ సాదెటోని దగ్గర్నే కొంట నేను."

ముందుగదిలో పిల్లలు దువ్విన దూదిలా ఉన్నాయి. తల్లి వెనక రేకుల షెడ్డులో ఉంది. దాని పొడుగు వెంట్రుకలు ఉచ్చలో, పెంటలో నాని అట్టలు కట్టాయి. పుండ్లు పడిన పొదుగు నేలకు రాసుకుంటోంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"ఎన్నో ఈత?" అడిగాడు మా ఆయన.

"ఐదోది నాగేందరన్నా, రెండున్నరేండ్లల్ల. ఒక్క ఎద గూడ ఖాళీ పోలే."

మా ఆయన పక్కకు ఉమ్మేశాడు. "థూ. పిల్లలు పాలు మరవకముందే మల్ల కట్టిస్తవా? దానిది పానం కాదా?"

పిల్లను కొనకుండానే బయలుదేరాం. బోధన్ వచ్చేదాకా బండి నడుపుతూ వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

నా ఒడిలో ఎనిమిది నెలల చిన్న కూతురు నిద్రపోతోంది. ముందు ట్యాంకు మీద రెండేళ్ళు నిండని పెద్దది కూర్చుంది. ఇప్పుడే మళ్ళీ కాన్పు వద్దని, కొన్నాళ్ళు ఆగుదామని నిన్న అడిగితే, "కొడుకు పుట్టినంక సూద్దాం తీ" అని నవ్వింది ఈయనే.

షెడ్డులో పుట్టిన రోత మళ్ళీ గొంతులోకి వచ్చింది, ఈసారి ఆయన వీపును చూసి.

సర్కారు దవాఖాన కనపడగానే భుజం తట్టాను. పెళ్ళయ్యాక ఆయన్ను ఆపమనడం ఇదే మొదలు.

"ఈడ ఆపుండ్రి."

"ఏమైంది?"

"డాక్టరమ్మతోటి మాట్లాడాలె. నాది గూడ పానమే."